పెద్దావిడ కొండెక్కిన వైనం

కొండమీది బిస్కెట్ల ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్వైజరుగా వేసిన రోజున మేనేజరు ఆమెకు ఒకటే మాట చెప్పాడు. మూడు నెలల పాటు సైరను మోగేలోగా లోపలుంటే ఉద్యోగం పర్మనెంటు, వచ్చి పోవడానికి కంపెనీ కారు. సైరను తర్వాత వచ్చే అలవాటుంటే మాత్రం మళ్ళీ ప్యాకింగు బల్ల దగ్గరికే. పొయ్యిలు వెలిగే వేళకు సూపర్వైజరు లేకపోతే మొదటి ట్రేలన్నీ బొగ్గులేనని ఆయన బాధ. ఆ పొద్దుటి వేళ కొండమీదికి బస్సుల్లేవు. ఏళ్ళ తరబడి ఆ ప్యాకింగు బల్ల దగ్గర కాళ్ళు పీక్కుపోయేలా నిలబడి ఇంతదాకా వచ్చిన మనిషి, బస్సు లేదని ఊరుకుంటుందా? మూడు నెలలు నెట్టుకురావడానికి పాత కారొకటి కొనేద్దామని తీర్మానించుకుంది. ఆ తీర్మానంలో తప్పేమీ లేదు. తప్పల్లా కారు చూడ్డానికి మొగుణ్ణి వెంటబెట్టుకు వెళ్ళడమే.

మొగుడు వృద్ధుల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. వీధిలో అందరూ కీళ్ళ డాక్టరంటారు. బంగారం లాంటి మనిషే. కాకపోతే ముసలివాళ్ళ మోకాళ్ళు వంచి వంచి, భుజాలు తిప్పి తిప్పి, కిర్రుమన్న చప్పుడు ఎక్కడ వినపడినా కరిగిపోవడం అలవాటైపోయింది. ఇంట్లో మడతకుర్చీ మూలిగిందంటే చాలు, దాన్ని గోడకు ఆనించి, వారం దాకా ఎవరూ కూర్చోకండి అంటాడు. అలాంటివాణ్ణి నాలుగు లక్షల కిలోమీటర్లు దాటిన కారు ముందు నిలబెడితే ఏమవుతుందో ఆమె ముందే ఊహించవలసింది.

కారు అమ్ముతున్నవాడు ఊరూరా తిరిగి టూత్ బ్రష్షులమ్మే సేల్స్‌మాన్. నాలుగు తలుపుల సెడాను, ఒకప్పుడు నీలం రంగు. ఇప్పుడు అది ఏ రంగో చెప్పమంటే నలుగురు నాలుగు మాటలు చెబుతారు. ఆమె లోపల కూర్చుని మీటరు చూసి కళ్ళు తేలేసింది.

"ఇన్ని కిలోమీటర్లా!"

"మీకు కావలసింది మూడు నెలలేగా అమ్మా! మూడేళ్ళయినా పోతుంది. అటకెక్కించకుండా తోలుతూ ఉండండి, అంతే" అన్నాడు సేల్స్‌మాన్.

ఆ మాట కీళ్ళ డాక్టరు చెవిన పడలేదు. ఆయన ముందు చక్రం దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, బంపరు మీద అరచెయ్యి వేసి మెల్లగా నొక్కి వదులుతున్నాడు. తర్వాత తలుపు సగం తెరిచి, కీలు దగ్గర చెవి పెట్టి, మిగతా సగం తెరిచాడు.

"పొద్దున్నే బిగుసుకుపోయినట్టు ఉంటుందా?" అని అడిగాడు.

"ఎవరికండీ, నాకా?"

"కారుకి."

"చలికాలంలో కాస్త మొరాయిస్తుందండీ."

"ఎత్తు ఎక్కితే ఆయాసం?"

సేల్స్‌మాన్ ఆమె వంక చూశాడు. ఆమె చెట్ల వంక చూసింది. మొత్తానికి బేరం కుదిరింది, కారు ఇంటికొచ్చింది. అపార్టుమెంటు కింద దాన్ని నిలబెట్టగానే కీళ్ళ డాక్టరు బానెట్టు మీద చెయ్యివేసి, "పెద్దావిడ బాగా అలిసిపోయింది" అన్నాడు. ఆ పేరు అలాగే ఉండిపోయింది.

మర్నాటి నుంచి వైద్యం మొదలైంది. ఆమె తల దువ్వుకునేలోగా ఆయన కిందికి దిగిపోయి, రాత్రి కప్పిన దుప్పటి తీసి మడతపెట్టేవాడు. నాలుగు తలుపులూ వరసగా తెరిచి మూసేవాడు. అది భుజాల వ్యాయామం. స్టీరింగు ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పేవాడు. అది మెడకు. వైపర్లు మణికట్లకు, హెడ్‌లైట్లు కళ్ళకు. ఇంజను ఆన్ చేసి, అది గుర్రుగుర్రుమంటుంటే వంగి, "తొందరేం లేదు, నెమ్మదిగా లేవండి" అనేవాడు. పెళ్ళాన్ని నువ్వనే మనిషి కారును మీరంటుంటే మేడమీది రిటైర్డు లెక్కల మాస్టారు బాల్కనీలోంచి చూసి ముక్కున వేలేసుకునేవాడు.

ఇదొక ఎత్తయితే దారి ఇంకొక ఎత్తు. ఫ్యాక్టరీకి సూటిగా పోయేది కొండ రోడ్డు. అరిగిన కీళ్ళతో ఎత్తు ఎక్కకూడదని డాక్టరు గారి ఆజ్ఞ. మొదటి రోజే కొండ మొదట్లో కారు ఒక్క దగ్గు దగ్గేసరికి, పక్క సీట్లో ఉన్న ఆయన మొహం చూసి ఆమెకూ గుండె జారిపోయింది. ఆమెకు బిస్కెట్ల గురించి తెలిసినంత కార్ల గురించి తెలియదు. ఇంట్లో నొప్పి విషయంలో తుది తీర్పు ఎప్పుడూ ఆయనదే. అందుకని మాట విని చుట్టుదారి పట్టింది. కూరగాయల మార్కెట్టు మీదుగా, రైల్వే గేటు మీదుగా, ఊరంతా ప్రదక్షిణ చేసి కొండ వెనక వాలు వైపునుంచి పాకుతూ పోవాలి. అదీ రెండో గేరులో.

ఒకసారి గేటు పడింది, ఆలస్యమైంది. మేనేజరు ఏమీ అనలేదు. ఇంకోసారి మార్కెట్టులో క్యాబేజీల లారీ అడ్డం తిరిగింది, మళ్ళీ ఆలస్యమైంది. ఈసారి మేనేజరు పిలిపించి, మాడిన బిస్కెట్టు ఒకటి బల్లమీద పెట్టి, "ఇంకొక్కసారి ఇలా అయితే నేను చేయగలిగింది ఏమీ ఉండదమ్మా" అన్నాడు. ఆ బిస్కెట్టు చూస్తే ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సాయంత్రం ఇంటికొచ్చి విషయం చెప్పింది.

"ఇంకొక్కసారి లేటయితే నా పని అయిపోయినట్టేనండీ. మళ్ళీ బల్ల దగ్గరికే."

"అయితే రేపట్నుంచి ఇంకా ముందే లేద్దాం" అన్నాడాయన ఎంతో ఆందోళనగా.

లేచారు. లేస్తే ఏమైంది? ఎంత ముందు లేస్తే వ్యాయామం అంత సాగింది. నడుముకని చెప్పి కారును ముందుకూ వెనక్కూ ఊపడం కొత్తగా చేరింది. ఆమెకు లోలోపల ఒళ్ళు మండిపోయేది. పోయినేడు తనకు జ్వరమొస్తే మాత్ర చేతిలో పెట్టి డ్యూటీకి పరిగెత్తిన మనిషి, ఇప్పుడు ఇనప డబ్బాకు దుప్పటి కప్పుతున్నాడు. మూడు నెలల కోసం తెచ్చుకున్న కారు మీద కుళ్ళుకోవడమేమిటని తనను తానే తిట్టుకునేది. అయినా కుళ్ళు కుళ్ళే.

అలా పళ్ళ బిగువున నెట్టుకొచ్చి, చివరికి గడువు ఆఖరి రోజు దాకా వచ్చింది. ఆ ముందు సాయంత్రం కీళ్ళ డాక్టరు, రేపు ముఖ్యమైన రోజని, పెద్దావిడకు ప్రత్యేకంగా ఇంకో విడత చేయించాడు. ఇంజను విశ్రాంతిగా ఉండాలని దాన్ని కదపకుండా, వైపర్లకీ లైట్లకీ మాత్రం తృప్తితీరా పని చెప్పాడు. తెల్లవారి ఆమె తాళం తిప్పింది. కారు టిక్కుమంది. మళ్ళీ తిప్పింది. ఆ టిక్కు కూడా లేదు.

"బ్యాటరీ!" అంది ఆమె.

ఆయన మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. ఏం చేశాడో ఆయనకు అర్థమైంది.

"నాదే తప్పు" అన్నాడు.

"తప్పు సంగతి తర్వాత. తోయండి!"

ఆయన తోశాడు. కారు జానెడు కూడా కదల్లేదు. ఇన్నాళ్ళూ తలుపుల మోతకు నిద్ర చెడిందని రుసరుసలాడిన లెక్కల మాస్టారు ఏమనుకున్నాడో, లుంగీ ఎగ్గట్టి దిగొచ్చాడు. ఆయన వెనక కింది పోర్షన్ టైలరు, చేతిలో టూత్ బ్రష్షుతోనే వచ్చాడు. ముగ్గురూ కలిసి వీధి చివరి దాకా తోసేసరికి కారు ఒక్కసారి ఎగిరిపడి, నల్లటి పొగ వదిలి, అందుకుంది. కీళ్ళ డాక్టరు పరిగెత్తి పక్క సీట్లోకి దూకాడు. ఇంటి చెప్పులు, చేతిలో దుప్పటి.

కూడలి వచ్చింది. ఎడమకు మార్కెట్టు దారి, ఎదురుగా కొండ.

"ఎడమకి" అన్నాడాయన.

"టైము లేదు."

"ఎక్కలేదు అది! మధ్యలో ఆగిపోతుంది!"

"ఆగితే అక్కడే బిస్కెట్లు అమ్ముకుని బతుకుదాం, కూర్చోండి!"

కొండ రోడ్డు ఎక్కించింది. కారు దగ్గింది, మూలిగింది, ఎక్కడో ఏదో తపతపా కొట్టుకుంది. కీళ్ళ డాక్టరు డాష్‌బోర్డు మీద రెండు చేతులూ ఆనించి, "మెల్లగా ఊపిరి తీసుకోండి, వదలండి, తీసుకోండి, వదలండి" అంటున్నాడు. కారు తీసుకుంటోందో లేదో గానీ, ఆమెకు తెలియకుండానే తను తీసుకోవడం మొదలుపెట్టి, తెలిశాక ఇంకా మండిపడింది. మొదటి మలుపు దగ్గర కారు నత్తలా అయిపోయింది. అప్పుడాయన ఉన్నట్టుండి తలుపు తెరిచి దిగేశాడు.

"ఏం చేస్తున్నారు?"

"బరువు తగ్గుతుంది! నువ్వు ఆపకు, పో!"

ఆమె ఆపలేదు. ఆపితే మళ్ళీ కదలదని భయం. పళ్ళు బిగించి, రెండు నెలలకు పైగా ఆయన తొక్కనివ్వని ఆక్సిలరేటరు అడుగంటా తొక్కింది. పెద్దావిడ ఇంకో రెండు దగ్గులు దగ్గింది. మెల్లమెల్లటి నడకకు లోపల పేరుకున్న మసంతా గుప్పున వెనకనుంచి వదిలేసింది. ఆ తర్వాత మూలుగు లేదు, తపతపలు లేవు. గొంతు విప్పి, కొండ రోడ్డు మీద జోరుగా దూసుకుపోయింది. అద్దంలో చూస్తే ఆ నల్లటి పొగలోంచి మొగుడు, దుప్పటి భుజాన వేసుకుని పరిగెత్తుతూ కనిపించాడు. మలుపు తిరగ్గానే అదీ లేదు.

ఆమె గేటు దాటి లోపలికి అడుగుపెట్టాక సైరను మోగింది. మేనేజరు గడియారం చూసుకుని, ఆమెను చూసి, తలూపాడు. పొయ్యిలు వెలిగాయి. మొదటి ట్రేలు బంగారు రంగులో బయటికొచ్చాయి. అప్పుడు వాచ్‌మన్ పరుగున వచ్చాడు.

"అమ్మా, గేటు దగ్గర ఎవరో వచ్చారు. మాట రావట్లేదు. దుప్పటుంది."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కారు ఎలా ఉందో చూసుకోవడానికే అంత దూరం పరిగెత్తుకొచ్చుంటాడు. ఈసారి వదలకూడదు, వాచ్‌మన్ ముందైనా సరే కడిగేయాలి అనుకుంటూ గేటు దగ్గరికి పోయింది. ఆయన అరుగు మీద కూలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది, మొహమంతా మసి. కారు పక్కనే ఉంది, దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"టైముకి... అందుకున్నావా?" అన్నాడు.

"అందుకున్నాను."

ఆయన మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చేశాడు. తిడదామని తెచ్చుకున్న మాటలన్నీ ఆమె నోట్లోనే ఉండిపోయాయి.

"కారుకి ఏమీ కాలేదండీ. బ్రహ్మాండంగా ఎక్కింది" అంది.

"కారు సంగతి ఎవడిక్కావాలి! ఆ మలుపులో ఆగిపోతే, అటూ ఇటూ లారీలు, నువ్వొక్కదానివీ ఏం చేస్తావోనని రోజూ నా ప్రాణం పోయేది. దాని గురించి నాకేం తెలుసు? నాకు తెలిసిన వైద్యం చేశాను. చివరికి నేనే నీ కొంప ముంచేవాణ్ణి."

ఆమె ఆయన పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ కారు మీద కుళ్ళుకున్నందుకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. కొంగుతో ఆయన మొహం మీది మసి తుడిచి, అప్పుడే పొయ్యిలోంచి దిగిన వేడి బిస్కెట్టు యూనిఫాం కోటు జేబులోంచి తీసి చేతిలో పెట్టింది. తర్వాత కారు తాళం కూడా పెట్టింది.

"ఇలాగే కారేసుకుని డ్యూటీకి పోండి. సాయంత్రం వచ్చి నన్ను తీసుకెళ్దురుగాని."

షిఫ్టయ్యాక మేనేజరు పిలిచి, ఉద్యోగం పర్మనెంటైందని చెప్పి, వచ్చే వారం కంపెనీ కారు వస్తుందన్నాడు. ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు. గేటు దగ్గరికి వచ్చి చూస్తే కారు పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంది. లోపల డ్రైవరు సీట్లో కీళ్ళ డాక్టరు, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"ఇదేమిటి, మీరు వెళ్ళలేదా?"

"కిందికి తీసుకెళ్తే సాయంత్రం మళ్ళీ ఎక్కుతుందో లేదో! నీకు ఇంటికి పోవడానికి ఉండొద్దూ?"

"పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చున్నారా?"

"అప్పుడప్పుడు లేచి నడుం చాపుకున్నాలే."

"మరి డ్యూటీ?"

"సెలవు పెట్టాను. ఇంట్లో పెద్దావిడకి ఒంట్లో బాగోలేదని ఫోన్ చేసి చెప్పాను."

ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. వాచ్‌మన్ చూస్తున్నా ఆపుకోలేకపోయింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, అటువైపు నుంచి తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చుంది.

"పర్మనెంట్ చేశారండీ" అంది.

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. తర్వాత తాళం తిప్పాడు. కారు ఒక్క పిలుపుకే లేచింది.

"మెల్లగా పోనా?" అన్నాడు.

"అక్కర్లేదు. నేనున్నానుగా పక్కన" అంది ఆమె.