మస్కట్ నుంచి మూడు గంటలు

మస్కట్ నుంచి హైదరాబాద్‌కు రెండు వేల రెండు వందల కిలోమీటర్లు, విమానంలో మూడు గంటలు అని పక్కింటి కుర్రాడు సూగురేశ్ ఫోన్‌లో చూసి గట్టిగా చదివాడు. అప్పటికి యాపలదిన్నిలో ఉదయం ఎనిమిది. ఆ ముక్క చదవకపోయినా బాగుండేదని సవితకు తర్వాత అనిపించింది. మూడు గంటలంటే రాయచూరు పోయి బియ్యం తెచ్చుకున్నంత సేపే కదా అని అరుగు మీది పెద్దలు తేల్చేశారు. శవాన్ని ఆపించారు.

తెల్లవారుజామున పోయింది సవిత ఆడబిడ్డ అయ్యమ్మ. పుట్టింటి చీర కప్పనిదే ఆడమనిషి శవాన్ని లేపరు. ఆ పుట్టింట మిగిలిన మగవాడు తమ్ముడొక్కడే, సవిత మొగుడు భీమేశ్. మస్కట్‌లో తాపీ పని చేస్తాడు. పాస్‌పోర్టు కంపెనీవాళ్ల దగ్గరుందని, శుక్ర, శనివారాలు ఆఫీసు తెరవరని ఫోన్‌లో ఏడుస్తూ చెప్పాడు. సవిత ఆ మాటే పెద్దలకు నాలుగుసార్లు చెప్పింది.

"మూడు గంటల దారే గదా తల్లీ. రాబుద్ధి ఉంటే రాడా?" అన్నాడు బసవప్ప. ఆయన అయ్యమ్మకు చిన్నమామ. కూర్చున్నవాడికి ఏ దారైనా దగ్గరే.

మధ్యాహ్నం దాటింది. రేకులు కాగుతున్నాయి. శవం చుట్టూ పెట్టిన మంచుగడ్డలు రెండోసారి కరిగిపోయాయి. సవితకు నిలబడే ఓపిక కూడా లేదు. నలభై రోజులు రాయచూరు ఆసుపత్రిలో వదినె మంచం పక్కన నేల మీద పడుకుంది. తల దువ్వింది, మూత్రం గుడ్డలు ఉతికింది. ఆ నలభై రోజుల్లో యాపలదిన్ని నుంచి రాయచూరు ఎంత దూరమో ఈ పెద్దల్లో ఒక్కరూ చూడలేదు. తలచుకుంటే ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది ఆమెకు.

ఫోన్ మోగింది. సవిత అందరికీ వినబడేలా పెట్టింది.

"నేను రాలేనే సవితా. ఎల్లుండి గాని పాస్‌పోర్టు ఇయ్యరంట. అక్కను ఎండల గట్ల ఉంచకుండ్రి" అన్నాడు భీమేశ్.

బసవప్ప తువ్వాలు దులిపాడు. "అయితే ఏం జేస్తం? పుట్టింటోళ్లు లేని దిక్కులేనిదాని లెక్క సాగదోలుదమా?"

"పుట్టింటోళ్లు లేరని ఎవరన్నరు పెద్దాయనా?" సవిత ముందుకొచ్చింది. "పొద్దుగాల్నుంచి మీ ముందర నిలబడ్డ నేనెవరు?"

ఆమె లోపలికి పోయి సంచి తెరిచింది. నయమై ఇంటికొచ్చే రోజు వదినెకు కట్టిద్దామని కొన్న ఆకుపచ్చ చీర, మడత విప్పనిది, తీసుకొచ్చింది.

"ఆడోళ్లు కప్పేది యాడన్న ఉందా?" బసవప్ప లేవబోయాడు.

"కప్పనీ చిన్నాయనా." అయ్యమ్మ మొగుడు పంపన్న పొద్దున్నుంచి మాట్లాడిన మొదటి మాట అది. "దానికి నీళ్లు తాపింది గా చేతులే."

సవిత వదినె పాదాల దాకా చీర సర్దింది. అప్పుడు గానీ ఆమెకు ఏడుపు రాలేదు.

"లేపుండ్రి" అంది.

పంపన్న అందరికంటే ముందు వంగాడు.