ఎసట్లో మరో దోసెడు

కొల్లాపూర్ నుంచి బిజినేపల్లి దాకా పెళ్లిళ్లలో బగారన్నం అంటే మునవ్వర్ చేతిదే అనేవాళ్లు. అంత పేరున్న వంటమనిషి, దావత్ ఒప్పుకున్న రోజు నుంచీ మధ్యాహ్నం కునుకు తీస్తే చాలు, చెమటలు కక్కుతూ లేచేవాడు.

"మళ్ల గదే కలనా?" అని అడిగేది భార్య నజ్మా.

"గదే. గంజు మూత తీస్తే అన్నం పచ్చిగ ఉంటది. బంతి మీద కూసున్నోళ్లంత నన్నే చూస్తుంటరు."

"పెద్ద పనంటే పరేషాన్ ఉంటది మరి. జర నీళ్లు తాగు."

అతను చెప్పింది సగం కలే. మిగతా సగం ఆమెకే కాదు, దువాలో అల్లాకు కూడా చెప్పుకోలేదు.

నజ్మాకు తప్ప ఎవరికీ తెలియని అసలు సంగతేమిటంటే, మునవ్వర్‌కు రుచి తెలియదు. కరోనా జ్వరం పోతూ పోతూ అతని ముక్కునూ నాలుకనూ వెంట తీసుకుపోయింది. ఊళ్లో అందరికీ నెల తిరక్కుండా రుచి తిరిగొచ్చింది, ఇతనికి మాత్రం రాలేదు. నాలుక మీద ఉప్పు వేసినా ఇసుక వేసినా ఒకటే. వంట చేసి బతికేవాడికి ఇంతకన్నా శాపం ఏముంటుంది?

బగారన్నానికి ప్రాణం ఎసరు. బియ్యం పడకముందే అందులో ఉప్పు సరిచూడాలి. బియ్యం పడి, మూత మీద నిప్పులు పోశాక ఎంతటివాడూ చేయగలిగింది ఏమీ లేదు. అందుకే నజ్మా ఉల్లిగడ్డలు కోసే నెపంతో ప్రతి దావత్‌కూ వెంట వచ్చేది. అతను అరచేతిలో ఎసరు పోసుకుని, పెద్ద ఉస్తాదులా కళ్లు మూసుకుని చప్పరించేవాడు. తర్వాత కడగమని గంటె ఆమెకిచ్చేవాడు. ఆమె అటు తిరిగి ఒక చుక్క నోట్లో వేసుకునేది. కొంగు తల మీదికి లాక్కుంటే ఉప్పు సరిపోయినట్టు, చెయ్యి చీరకు తుడుచుకుంటే ఇంకా పడాలన్నట్టు. ఏళ్ల తరబడి ఇదే తీరు. ఆమె లెక్క ఒక్కనాడూ తప్పలేదు. పొగడ్తలు మాత్రం ఒక్కటి కూడా పక్కకు పోకుండా అన్నీ అతనికే దక్కాయి.

ఇక దాచుకున్న సగం కల ఇది. అన్నం పచ్చిగా ఉందని చూశాక బంతిలోవాళ్లు లేస్తారు. ప్లేట్లు పట్టుకుని, అతన్ని దాటుకుని, ఉల్లిగడ్డల మూలకు పోయి వరుసగా నిలబడతారు. అక్కడ నజ్మా చిన్న గిన్నెలోంచి అందరికీ వడ్డిస్తుంటుంది. "గిన్ని దినాలు మనం తిన్నది గీమె చేతి వంటనే" అంటారు. అతన్ని ఎవరూ తిట్టరు, అటు తిరిగి చూడను కూడా చూడరు. పచ్చి అన్నం దగ్గర అతనికి ఎప్పుడూ మెలకువ రాలేదు. ఆమె ముందు ఆ వరుసను చూసినప్పుడే వచ్చేది.

బిజినేపల్లిలో సుల్తానాబీ మనవరాలి పెళ్లి. ఎనభై ఏళ్లు దగ్గరపడినా ఆ ఇంట్లో పెత్తనమంతా ముసలమ్మదే. పొద్దున్నే కర్ర పొడుచుకుంటూ పొయ్యిల దగ్గరికి వచ్చి నజ్మా పక్కన కూర్చుంది. మునవ్వర్ ఎసరు చప్పరించి గంటె ఇచ్చాడు. నజ్మా ఒక చుక్క నోట్లో వేసుకుని కొంగు తల మీదికి లాక్కుంది.

ముసలమ్మ కళ్లు పొగలో కూడా బాగానే పనిచేస్తాయి. "ఏంది బిడ్డా, నువ్వు రుచి చూస్తెగాని ఆయన బియ్యం పొయ్యడా?" అంది నవ్వుతూ.

ఊరికే అన్న మాట. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మునవ్వర్ ఉలిక్కిపడ్డాడు.

"ఆమె చూసుడేంది ఖాలా! గంటె కడుగుతది, గంతే" అన్నాడు. అక్కడితో ఊరుకున్నా బతికిపోయేవాడు. తన వంట తనదేనని చూపించాలిగా! ముసలమ్మ ముందే దోసెడు ఉప్పు తీసి ఎసట్లో పోశాడు.

నజ్మా కొంగును మళ్లీ లాక్కుంది, ఈసారి నుదురు దాకా. అతను చూశాడు. చూసి కూడా బియ్యం పోశాడు.

మొదటి బంతిలో కూర్చున్న, సుల్తానాబీ వాళ్ల పక్క పొలం రైతు కురుమయ్య ముద్ద నోట్లో పెట్టుకుని అట్లాగే ఆగిపోయాడు. "ఏంది మునవ్వర్ భాయ్, ఉప్పు బస్తా గిట్ల గంజుల జారిందా?"

బంతంతా నవ్వింది. పెళ్లికొడుకు వైపు వాళ్లు ప్లేట్లు పక్కన పెట్టేసరికి ఆ నవ్వు కూడా ఆగింది. సుల్తానాబీ వచ్చి నిలబడింది.

"ఏమైంది మునవ్వర్?"

దోసెడు ఉప్పు పడింది ఆమె కళ్ల ముందే. తెలిసే అడిగింది. చెయ్యి జారింది ఖాలా అంటే చాలు, పోయేది. ఎంత ఉస్తాదుకైనా ఒకనాడు చెయ్యి జారుతుంది. కానీ అందరూ అచ్చం కలలోలాగే అతన్ని చూస్తున్నారు.

"నన్నేమడుగుతవ్ ఖాలా, గీమెను అడుగు! ఉప్పు చూసేది గీమెనే. సరిపోయిందని కొంగు లాక్కున్నది!"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఇన్నేళ్లు దాచిన గుట్టును పెళ్లిపందిట్లో తన నోటితోనే పారబోసుకున్నాడు. భార్య మీద నింద వేసే తొందరలో అది కూడా తెలుసుకోలేదు.

"అవునా బిడ్డా?" అంది ముసలమ్మ. "ఎప్పటి సంది?"

తను చెప్పిన ఉప్పు సరిగ్గానే ఉందని నజ్మా అనలేదు. ఎక్కువ పోసింది ఎవరో కూడా చెప్పలేదు. "కరోనా సంది ఖాలా" అంది.

"మరి గిన్నేండ్లు మేం మెచ్చుకున్నది నీ నాలికనే అన్నట్టు. లెవ్వు. ఇంకో గంజు ఎక్కియ్యి. నువ్వే వండు."

నజ్మా లేచి చేతులు కడుక్కుంది. కురుమయ్య ప్లేటు పట్టుకుని, మునవ్వర్‌ను దాటుకుని, పొయ్యి వైపు పోయాడు. అతని వెనక మరో నలుగురు నడిచారు.

ఎసరు మరిగింది. నజ్మా ఈసారి పక్కకు తిరగకుండానే, అందరి ముందూ అరచేతిలో పోసుకుని రుచి చూసింది. తర్వాత గంటెను మొగుడి చేతిలో పెట్టింది.

"జర గిది కడుగు."

మునవ్వర్ గంటె తీసుకుని నల్లా దగ్గరికి నడిచాడు. కడిగే ముందు, దాని అంచుకు మిగిలిన చుక్కను నాలుక మీద వేసుకుని చూశాడు. ఏమీ తెలియలేదు.