తేట మందు

మా మామ కురుమయ్య గద్వాలలో నూలుకు రంగులు వేసేవాడు. రంగు కాచి, పటిక కలిపి, ఒక పూట గంగాళాన్ని కదపనిచ్చేవాడు కాదు. పైకి తేరిన నీళ్ళనే వాడి, అడుగున మిగిలిన మడ్డి పారబోసేవాడు. మడ్డి తగిలితే నూలు మీద మచ్చలు పడతాయి. ఆయన రంగులో మచ్చ చూసినవాళ్ళు లేరు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి మూడేళ్ళయినా ఆయనతో నేరుగా మాట్లాడలేదు. మా వైపు ఆ పద్ధతి లేదు. చెప్పవలసింది అత్త కౌసల్యమ్మతోనో ఆడబిడ్డ రాధతోనో అనేదాన్ని. ఆయన వేరే వైపు చూస్తూ వినేవాడు.

రాధకు పదిహేనేళ్ళు. చక్కెర జబ్బు. ఇన్సులిన్ సూది లేకపోతే బతకదని డాక్టరు ముందే చెప్పాడు. రోజుకు మూడు సూదులు. చెయ్యి వణకదని మామే వేసేవాడు. తొడల మీద గట్టిపడని చోటు మిగల్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు దవాఖానకు కొత్త ఇన్సులిన్ వచ్చింది. పాతది నీళ్ళలా ఉండేది, ఇది పాలు కలిపినట్టు ఉంది. కాంపౌండర్ ఆశీర్వాదం సీసాను రెండు అరచేతుల మధ్య దొర్లించి చూపించాడు.

"పాతది పొద్దున ఇస్తే పగటాలకే అయిపోతది గద. దీంట్ల జింకు, చేపల నుంచి తీసిన సారం కలిపిండ్రు. ఆ రెండు మందును పట్టుకొని జరంత జరంత విడుస్తయి. దినానికి ఒక్క సూదే."

"రంగును పటిక పట్టుకున్నట్టా?" అన్నాడు మామ.

"గట్లనే అనుకో. గుంజే ముందు గిట్ల కలపాలె, మర్చిపోకు."

ఇంటికి వచ్చాక మామ సీసాను గూట్లో నిలబెట్టాడు. మర్నాటికి తెలుపంతా అడుగుకు దిగి, పైన తేట నిలిచింది. ఆయన సీసాను కదపకుండా, పొడుగు సూదిని పైనుంచి దించి, తేటను గుంజాడు.

"కలపమన్నడు గద నాయినా" అంది రాధ.

"మందుల సంగతి ఆయనకు తెలుసు. తేర్చుడు నాకు తెలుసు. పటిక పని అయినంక మడ్డి కిందికి పోతది. ఆ మడ్డిని నీ వొంట్లకు ఎక్కియ్యాల్నా?"

"మూడు పోయి ఒక్కటైంది, సంతోషపడు బిడ్డా" అంది అత్త.

నాలుగో రోజుకు రాధకు దప్పిక పెరిగింది. ఉచ్చను నీలం మందులో పోసి కాచి చూసే పని నాది. నీలంగానే ఉంటే మేలు, ఎర్రబడితే చక్కెర ఎక్కువ. ఆ రోజు పసుపు తిరిగింది. ఆరో రోజుకు నారింజ. తొమ్మిదో రోజు ఇటుక రంగు. రాధ కక్కుకుంది, ఊపిరి పెద్దగా తీస్తూ మంచం మీదే ఉంది.

నేను గూటి దగ్గరికి వెళ్ళి సీసాను వెలుతురుకు పెట్టి చూశాను. నీళ్ళు సగానికి వచ్చాయి. అడుగున తెలుపు మొదటి రోజు ఎంత ఉందో అంతే ఉంది. అంటే తొమ్మిది రోజులుగా రాధకు ఎక్కింది నీళ్ళే.

అత్తతో చెప్పాను. "మందంత అడుగున్నే ఉంది అత్తా. మామకు చెప్పు."

ఆమె చెప్పక్కర్లేకపోయింది, మామ గుమ్మంలోనే ఉన్నాడు. ఒక్క ఉదుటున వచ్చి సీసా అందుకున్నాడు. అరచేతుల మధ్య గబగబా దొర్లించాడు. సీసా చిక్కటి పాలయింది. సూది గుచ్చి, గొట్టం మీద రోజూ ఆపే గీత దాకా గుంజాడు.

సగం నీళ్ళలో సీసాడు మందు ఉంది. ఆ గీత దగ్గర ఇప్పుడు రెండు సూదుల మందు. పాత మందు ఒకసారి ఎక్కువై రాధ చెమటలు పట్టి పడిపోవడం, బెల్లం నీళ్ళు పోసినా పూటసేపు తేరుకోకపోవడం నేను చూశాను. ఇది రోజంతా ఉండే మందు. అత్త వైపు తిరిగి ఆమెతో చెప్పించే వ్యవధి లేదు.

"వద్దు మామా!" అన్నాను. "అది రెండింతలుంటది. పిల్ల పడిపోతది."

సూది రాధ తొడకు బెత్తెడు దూరంలో ఆగింది. ఆయన నా వైపు చూశాడు.

"మరేం జెయ్యాలె?"

"దవాఖానకు తీస్కపోదం. సీసా గూడ."

బండి కట్టించారు. ఆశీర్వాదం సీసా చూసి, మామను చూసి, తల పట్టుకున్నాడు.

"ఏంది కురుమయ్యా, మందంత దాసిపెట్టి నీళ్ళు ఇచ్చినవా? ఇది గిట్ల ఎక్కిచ్చి ఉంటే?"

"ఎక్కియ్యనియ్యలే, మా కోడలు" అన్నాడు మామ.

డాక్టరు పాత మందు ఇచ్చాడు, చేతికి ఉప్పునీళ్ళు ఎక్కించాడు. రెండు రోజులు అక్కడే ఉన్నాం. దవాఖాన అరుగు మీద అత్త నాతో, "మామతోని గట్ల ఎదురుగ మాట్లాడితివి. నలుగురింటే ఏమంటరు?" అంది. అంటూనే తన కొంగుతో నా ముఖం తుడిచింది.

మూడో రోజు పొద్దున రాధ లేచి కూర్చుని, జొన్నరొట్టె సగం తిన్నది.

"మళ్ళ మూడు సూదులేనా నాయినా?"

"కొత్త సీసా వచ్చేదాక మూడే" అన్నాడు మామ. "వచ్చినంక మీ వదిన గుంజి ఇస్తది, నేను పొడుస్త."

రాధ సూది కోసం కాలు చాచింది.