కవరు చించిన చెయ్యి

"కాలరు దగ్గర మడత పడనీకు. రేపు అందరూ నన్నే చూస్తారు," అన్నాడు భర్త, అద్దంలో మీసం దువ్వుకుంటూ. ఆమె ఇస్త్రీపెట్టెను కాలరు మీద మరోసారి నొక్కింది.

అతను పరుగుల కోచ్. ఆమె ఒకప్పుడు అతని శిష్యురాలు. ఎనిమిది వందల మీటర్ల పందెంలో మొదలుపెడితే ఆగేది కాదని మైదానంలో అందరూ ఆమెను 'రైలు' అని పిలిచేవారు. ఇప్పుడు క్రీడాకారిణుల అర్హత పరీక్షల నివేదికలు భద్రపరచడానికి కొత్తగా ఒక పదవి పెట్టారు. అది అతనికి కావాలి. రేపు ఎంపిక కమిటీ ముందు అతని మంచితనానికి సాక్షి ఆమే. ఏం చెప్పాలో కూడా అతనే కాగితం మీద రాసిచ్చాడు.

పన్నెండేళ్ల క్రితం, పెద్ద పోటీకి ముందు, 'మామూలు రక్తపరీక్షేలే' అని ఆమె చేత సంతకం పెట్టించారు. ఒంట్లో ఒక హార్మోను ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉందని తేలింది. ఆ సంగతి డాక్టరు చెప్పకముందే పేపరు చెప్పింది. ఆమె ఫొటో కింద 'ఆడా? మగా?' అని అచ్చేశారు. పాలవాడు సైతం ఆమె పైపెదవి కేసి చూసేవాడు. కన్నతల్లి స్నానాలగది తలుపు దగ్గర నిలబడి ఏదో అడగబోయి మానేసింది. ఆ మానేయడమే అన్నిటికంటే లోతుగా దిగింది. అప్పుడు కోచ్ వచ్చి 'నేను చేసుకుంటాను' అన్నాడు. మునిగిపోయేవాళ్లకు గడ్డిపోచ దొరికినట్టయింది. ఆ గడ్డిపోచకు పన్నెండేళ్లుగా వండి వారుస్తూనే ఉంది. కూరలో ఉప్పు తగ్గితే 'నేను కాబట్టి చేసుకున్నాను' అనేవాడు. కాస్త గట్టిగా మాట్లాడితే 'మగరాయుడి గొంతు ఎక్కడికి పోతుందిలే' అనేది అత్తగారు. అతని శిష్యురాళ్ల తిండి పట్టికలు, ప్రయాణపు టికెట్లు, పరుగు వేళలు, అన్నీ ఆమె రాసిపెట్టినవే. ఫొటోల్లో మాత్రం అతనొక్కడే.

పోయినవారం అతను లేనప్పుడు ఒక అమ్మాయి వచ్చింది. పంతొమ్మిదేళ్లుంటాయి, అతని దగ్గరే పరుగెత్తుతోంది. లోపలికి రమ్మన్నా గుమ్మం దాటలేదు.

"అక్కా, వేరే కోచ్ దగ్గరికి మారదామనుకుంటున్నా. సార్ ఒప్పుకోవట్లేదు. నా టెస్టు రిపోర్టు సార్ దగ్గరే ఉంది."

"ఏమంటున్నారు?"

అమ్మాయి ఫోను తీసి ఒక రికార్డింగు వినిపించింది. భర్త గొంతు, తేనె పూసినట్టు: "నువ్వు నా దగ్గరున్నంత కాలం ఆ కాగితమూ నా దగ్గరే ఉంటుంది, తల్లీ."

అవే మాటలు. అప్పట్లో ఆమె కూడా వేరే కోచ్ దగ్గరికి వెళతానంది. అతను ఇలాగే, తల్లీ అనే అన్నాడు. ఆమె పట్టు వదల్లేదు. పదో రోజున పేపర్లో వచ్చింది. పక్కపక్కనే పడి ఉన్న ఆ రెండు సంగతుల్నీ ఇన్నేళ్లలో ఒక్కసారీ కలిపి చూసుకోలేదు. కొంప తగలబెట్టినవాడే నీళ్లబిందెతో పరుగెత్తుకొస్తే, దేవుడనుకుంది.

ఆ మధ్యాహ్నమే అతని బీరువా తెరిచింది. ఏ కాగితమూ పారేయని మనిషి. అడుగు అరలో ఆమె రక్తపరీక్ష కవరు దొరికింది, సీలు చించేసి ఉంది. లోపల నివేదికతోపాటు పేపరువాళ్లకు రాసిన ఉత్తరం నకలు, అతని చేతిరాతలో. చివరి వాక్యం: 'దయచేసి నా పేరు గోప్యంగా ఉంచగలరు.'

ఆమె ఏడవలేదు. ఆ వారమంతా కూరల్లో ఉప్పు సరిగ్గా వేసింది. పాము పగ అంటారు గానీ, పాముకు అంత ఓపికెక్కడిది?

ఎంపిక రోజు వచ్చింది. కమిటీ అధ్యక్షురాలు రిటైరైన జడ్జి. ఆమె పిలవగానే ఒకప్పటి 'రైలు' లేచి రెండు కాగితాలు బల్ల మీద పరిచింది.

"ఇది నన్ను చదవమని మావారు రాసిచ్చింది. ఇది పన్నెండేళ్ల కిందట ఆయనే పేపరుకు రాసింది. చేతిరాత పోల్చి చూసుకోండి." తర్వాత ఆ అమ్మాయి పంపిన రికార్డింగును తన ఫోనులో వినిపించింది. "ఈ మాట విన్న అమ్మాయి పేరు చెప్పను, ఆమె చెప్పొద్దంది. అన్న గొంతు ఎవరిదో మీకే తెలుస్తుంది."

అతను సగం లేచాడు. "ఇంట్లో విషయాలు ఇక్కడెందుకు?"

"నా ఒంట్లో విషయాలు పేపర్లో ఎందుకు?"

జడ్జి కళ్లజోడు తీసి అడిగింది: "అసలు పరీక్షలే వద్దంటావా, అమ్మా?"

"నా పక్క గీతలో పరుగెత్తిన పిల్లకీ అడిగే హక్కుంది, మేడమ్. ఏ నియమం న్యాయమో డాక్టర్లతోపాటు మమ్మల్నీ కూర్చోబెట్టి తేల్చండి. కానీ ఆ కాగితం నాకూ డాక్టరుకూ మధ్యే ఉండాలి. మూడోవాడి చేతికిచ్చారా, అది పరీక్ష కాదు, మెడకు పలుపుతాడు."

పదవి పోయింది. విచారణ తేలేదాకా మైదానంలో అడుగుపెట్టొద్దని సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. అతని ముఖం పాలిపోతుంటే ఆమె కళ్లు తిప్పుకోలేదు. కడుపు నిండా భోంచేసినట్టనిపించింది.

మర్నాడు పొద్దున్నే గేటు ముందు పేపరువాళ్లు, కెమెరాలవాళ్లు మూగారు. అతను గదిలో పరదాలు దించుకుని కూర్చున్నాడు. "ఎవరడిగినా లేనని చెప్పు," అన్నాడు.

"కట్టుకున్నవాణ్ణి నలుగురిలో బట్టలిప్పి నిలబెట్టావు కదే," అంది అత్తగారు.

"నన్ను నిలబెట్టినరోజు మీరు పేపరు కొనుక్కుని మరీ చదివారు, అత్తయ్యా."

ఆమె సంచి భుజాన వేసుకుని గేటు తీసింది. ముందున్న విలేఖరి అడిగాడు:

"సార్ ఇంట్లో ఉన్నారా అండీ?"

"ఉన్నారు," అంది ఆమె. "కుడివైపు గది. కిటికీకి గడియ పడదు."