శంకరవ్వ అప్పగించిన పిట్టలు

మొదట తుక్కు వ్యాపారి అంబదాస్ చేతికి వచ్చినవి ఇవి: సాంచాలనే నాలుగు పాత మరమగ్గాలు, వాటి విడిభాగాలు, ఒక జాలీ గూడు, అందులో పదకొండు కౌజు పిట్టలు. సాంచాలను తూకం వేసి డబ్బు ఇచ్చాడు. పిట్టలకు మాట ఇచ్చాడు.

సిరిసిల్లలో పని దొరకని నేతగాళ్ళు సాంచాలను తుక్కు కింద అమ్ముకుంటున్న రోజులవి. శంకరవ్వ కొడుకు సంపత్ కూడా అమ్మేసి, తల్లిని వెంటబెట్టుకుని నేతపని కోసం భీవండి బయలుదేరాడు. బండి మీద ఇనుము ఎక్కిస్తుంటే శంకరవ్వ గూడు తెచ్చి అంబదాస్ ముందు పెట్టింది.

"బతుకమ్మకు మళ్ళ వస్త. అందాక నా పిట్టల జూడు కొడుకా. కోసుకోని తినకు."

"గట్లెట్ల తింట పెద్దవ్వా? నా చేతిల పెట్టినవంటే బ్యాంకుల ఏసినట్టే."

అది ఊరికే నోటికి వచ్చిన మాట కాదు. పాత ఇనుము వ్యాపారంలో తరాజు కంటే మాటకు బరువెక్కువని అతనికి తెలుసు. తూకంలో కాస్త తేడా వస్తే జనం గొణుక్కుని ఊరుకుంటారు. అప్పగించిన సొమ్ము పోగొట్టాడని పేరు వస్తే మరే ఇంటి గడపా తొక్కనివ్వరు.

ఇంటి వెనక జామచెట్టు కింద గూడు పెట్టాడు. అతని భార్య బాలలక్ష్మి అక్కడే కూర్చుని బీడీలు చుట్టేది. రెండు రోజుల్లోనే పిట్టలతో ముచ్చట్లు మొదలుపెట్టింది. ఒకదాని మెడ మీద తెల్లమచ్చ ఉండేది. దానికి దొరసాని అని పేరు పెట్టి, నూకలు ముందు దానికే వేసేది.

వారం తిరక్కుండానే ఒక తెల్లవారి గూట్లో జాలీ పక్కన రెండు పిట్టలు తలలు లేకుండా పడి ఉన్నాయి. గూడు తలుపు వేసినది వేసినట్టే ఉంది. బాలలక్ష్మి పొయ్యిలో బూడిద తెచ్చి గూడు చుట్టూ చల్లింది. మర్నాడు బూడిదలో గుండ్రటి అడుగులు కనిపించాయి.

"పిల్లి," అంది పక్కింటి రామవ్వ గోడ మీంచి తొంగిచూసి. "సందుల అందరి కోడిపిల్లల తిన్న బూడిదరంగుది. దానికి మీ ఇల్లు కొత్తగ దొరికింది."

అంబదాస్ ఇనుము మనిషి. లావుగా ఉన్నదే గట్టిదని నమ్మేవాడు. తుక్కు కుప్పలోంచి పాత కిటికీ చువ్వలు ఏరి, జాలీ మీద అడ్డంగా నిలువుగా బిగించాడు. ఇద్దరు మనుషులు కలిస్తే గాని గూడు కదలనంత బరువైంది. చేతులు దులుపుకుని, "ఇగ ఏనుగు వచ్చినా ఏం జేయది," అన్నాడు.

ఏనుగు రాలేదు. పిల్లే వచ్చింది. తెల్లవారేసరికి మరో మూడు పోయాయి. అందులో దొరసాని కూడా ఉంది.

బాలలక్ష్మి ఆ పూట బీడీ ఆకు ముట్టలేదు. "అది కోట కూలగొడ్తదనుకున్నవా ఏందయ్యా? పంజా పెట్టనీకె సందుంటె సాలు దానికి. బెదిరిచ్చుడు, అవి ఉరికొచ్చి జాలికి తలుగుడు, ఇది గుంజుడు! నువ్వు బరువు జూసినవ్, సందు జూడలె."

మిగిలిన ఆరింటినీ గంప కింద పెట్టి వంటింట్లోకి తెచ్చారు. సరిగ్గా ఆ సాయంత్రమే శంకరవ్వ వీడియో కాల్ చేసింది.

"బిడ్డా, నా పిట్టల జూపెట్టు జర."

అంబదాస్ కళ్ళతో సైగ చేశాడు. బాలలక్ష్మి గంప ఎత్తి ఈ పక్కనుంచి చూపించింది. ఫోను తిప్పి, అటు పక్కకు వెళ్ళి మళ్ళీ చూపించింది.

"అవే మళ్ళ జూపెడుతున్నవేందే?" అంది శంకరవ్వ. "మెడ మీద మచ్చున్నది ఏది?"

బాలలక్ష్మి గంప దించేసింది. చివరికి అంబదాస్ ఫోను తీసుకున్నాడు.

"పిల్లి పట్టింది పెద్దవ్వా. అయిదు పోయినయ్. తప్పయింది."

అవతల సాంచాల చప్పుడు గట్టిగా వినిపిస్తోంది. "పోయినవి పోయినయ్ కొడుకా," అంది శంకరవ్వ. "సాంచాలు పొయ్యె, ఇల్లు ఇడిసొస్తిమి. గవన్న ఉన్నయనుకుంటిని. ఉన్నవాటిని పైలంగ జూస్కో." ఫోను పెట్టేసింది.

తిట్టి ఉంటే అంబదాస్‌కు తేలికగా ఉండేది.

మర్నాడు పొద్దున హైదరాబాద్ సేటు పంపిన వ్యాను వచ్చింది. తుక్కు ఎక్కించాలి. అంబదాస్ పెరట్లోకి వెళ్ళేసరికి బూడిదరంగు పిల్లి కుప్ప మీదే ఉంది. రాయి కోసం వంగినవాడు అలాగే ఆగిపోయాడు. పిల్లి అతణ్ణి చూడలేదు. దాని కళ్ళు సంపత్ సాంచాల అచ్చుల మీద ఉన్నాయి. అచ్చు అంటే పడుగు దారాలను విడివిడిగా పట్టి ఉంచే పొడవాటి ఉక్కు దువ్వెన. దాని వెనక ఒక బల్లి ఉంది. పిల్లి పంజాతో గీరింది. గోరు కొస తప్ప లోపలికి ఏదీ పోలేదు. మళ్ళీ గీరింది. కోపంగా తోక ఆడించి గోడ దూకింది. బల్లి అక్కడే ఉంది.

"గా నాలుగు అచ్చులు దించు మల్లేషూ," అన్నాడు అంబదాస్ వ్యాను డ్రైవర్‌తో. "అవి అమ్మేది లేదు."

"మంచి ఉక్కు గదన్నా, రేటొస్తది."

"వస్తది. దించు."

నాలుగు పక్కలా నాలుగు అచ్చులు నిలబెట్టి, గూడును మళ్ళీ కట్టారు. గాలీ వెలుతురూ వస్తాయి, పంజా రాదు. కింద తవ్వి రాకుండా గ్రానైట్ ముక్కలు పరిచాడు. పైన గట్టి రేకు వేశాడు. పిట్టలు బెదిరి ఎగిరితే తలలు పగలకుండా, రేకు లోపల బాలలక్ష్మి పాత బట్ట మెత్తగా కట్టింది. పిల్లి మళ్ళీ వచ్చింది. బూడిదలో అడుగులు గూడు చుట్టూ తిరిగి, వచ్చిన దారినే పోయాయి. కొన్నాళ్ళకు అడుగులు కూడా పడలేదు.

బతుకమ్మకు శంకరవ్వ వచ్చింది. తిన్నగా జామచెట్టు కిందికి నడిచింది. పిట్టల కంటే ముందు అచ్చును చూసింది. వేలితో దాని ఉక్కు పుల్లలను మెల్లగా తడుముకుంటూ పోయి, ఎర్రదారం చుట్టిన ఒక చోట ఆగింది.

"గిది మీ పెద్దబాపు కట్టిండు," అంది తన భర్తను తలుచుకుని. "పుల్ల ఇరిగితె దారంతోటి బిగిచ్చిండు. నువ్వు ఎప్పుడో కరిగిచ్చినవనుకున్న."

అంబదాస్ తల గోక్కుని, "పిట్టలు తీస్కపో పెద్దవ్వా. ఆరున్నయ్, లెక్క జూస్కో," అన్నాడు.

"భీవండిల మాకే కాళ్ళు సాపనీకె జాగ లేదు. ఏడ పెట్టుకుంట?" ఆమె కొంగులోంచి నూకలు తీసి గూట్లో చల్లింది. "నీ తాన్నే ఉండనియ్. మళ్ళ వస్తగా."

ఆమె వెళ్ళాక అంబదాస్ అలవాటుగా లెక్క చూసుకున్నాడు. వచ్చినవి పదకొండు. పోయినవి అయిదు. అమ్మకుండా ఆపినవి నాలుగు అచ్చులు. మిగులు, అయిదు పోగొట్టిన చేతికే రెండోసారి అప్పగించిన ఆరు పిట్టలు.