చుంచు, టేకు చేప

దేవుడు చుంచుకి కూర్చోవడమూ టేకు చేపకి పరిగెత్తడమూ ఎందుకు నేర్పలేదన్నది ఆమెకు ఏళ్లనాటి సందేహం. దణ్ణం పెట్టుకునేటప్పుడు అడుగుదామనుకుంటుంది. ఆయన్ని నిలదీయడానికి తనెవరని ఊరుకుంటుంది.

ఇవాళా చేపల బజారులో చాటంత టేకుని బల్ల మీద పరిచి, ముందు తోక మీది ముల్లు నరికి, రెక్కలు కోస్తూ అదే ఆలోచించింది. కళ్లు పైన, నోరు కింద. తినేదేమిటో దానికే కనపడదు. ఇసుకలో పడుకుని, తొక్కినవాళ్లని పొడుస్తుంది. గోడవారన చుంచు మాత్రం చూపు ఆనకపోయినా, మూతితో తడుముకుంటూ తిండికోసం తిరుగుతూనే ఉంది.

"మీ చుట్టం వచ్చింది," అన్నాడు పక్క బల్ల రొయ్యలవాడు.

"పలకరించు మరి, నీకూ వరసే," అంది కత్తి ఆపకుండా.

ఆమెకు చుంచు అని పేరు పెట్టింది అత్త. కొడుకు పోయాక మంచం పట్టిన అత్త. పెళ్లైన కొత్తలో కోడలి కాల్లో టేకు ముల్లు దిగి విలవిల్లాడితే, తెల్లవార్లూ నీళ్లు కాచి, విషం విరిగేదాకా ఆ కాలిని వేడినీళ్ల బేసిన్లో పెట్టించి కూర్చున్నది ఆ అత్తే. అప్పట్నుంచీ అన్నం పళ్లెం ముందు రోజూ అదే మాట.

"నా వేడినీళ్లే లేకపోతే ఎక్కడుండేదానివే?"

బదులుగా ఒక్క చెంబు కాచిస్తానన్నా ఒప్పుకోదు. వణుకుతూ చన్నీళ్లతోనే ఒళ్లు తుడిపించుకుంటుంది. బాకీ తీరిపోతే ఇక పొడవడానికి ఏం మిగులుతుంది?

సాయంత్రం ఇల్లు చేరేసరికి అత్త పాదాలు రాళ్లలా చల్లబడి ఉన్నాయి.

"కంపు కొడుతున్నావే చుంచూ."

"చేపలు కోసి వచ్చాను, పూలు కట్టి రాలేదు."

అత్త దుప్పటి మెడదాకా లాక్కుంది. "నీళ్లు కాచు," అంది.

కోడలు పొయ్యి వెలిగించి నీళ్లు కాచింది. ఆనాటి సొట్ట బేసినే తీసింది. మోచేయి ముంచి వేడి చూసింది. అత్తను గోడకు ఆనించి, పాదాలు నీళ్లలో పెట్టి, ఎదురుగా చతికిలబడింది. పొద్దుటినుంచీ కూర్చోవడం అదే మొదలు.

"చాలా అత్తయ్యా?"

"చాల్లే. తీరిపోయింది. ఇక ఆ మాట ఎత్తను," అంది అత్త కళ్లు మూసుకుని.

అన్న మాట నిలబెట్టుకుంది. మళ్లీ ఏ మాటా ఎత్తలేదు.

కోడలు చాలాసేపు ఆ పాదాలు రుద్దుతూనే ఉంది. ఊపిరి లేదని తెలిశాక చేతులు తీసేసింది. పీడ వదిలిందనుకోబోయింది, అనుకోలేకపోయింది. ఏడుద్దామంటే ఏడుపూ రాలేదు. పొద్దున్నే లేచి ఎవరికోసం పరిగెత్తాలో మాత్రం తోచలేదు.

సొట్ట బేసిన్లో నీళ్లు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. ఆమె చేతినుంచి రాలిన చేపపొలుసు ఒకటి వాటి మీద తేలుతోంది.