గంగమ్మ కింద మట్టి

దీవిలోని హాడో ఒడ్డున, మూతపడిన కర్ర మిల్లులో ఉదయం తవ్వకం పని మొదలవుతుండగా, గోడ పక్కన భానుకు ఒక గుంట కనిపించింది. కుండెడు మట్టి తీసినంత గుంట. నిన్నటిదాకా అక్కడ గంగమ్మ రాయి ఉండేది.

మిల్లు నడిచిన రోజుల్లో దుంగలకు పురుగు పట్టకుండా వాటిని మందు తొట్టెల్లో ముంచి ఆరబెట్టేవారు. మందు కారి నేలలోకి దిగింది. అందులో ఆర్సెనిక్ అనే విషం ఉంది. ఇప్పుడు ఆ మట్టిని తవ్వి, సంచుల్లో మూసి, ఓడలో మెయిన్‌లాండ్‌కు పంపుతున్నారు. భాను ఆ సైట్‌లో సూపర్‌వైజర్. రాయి జాలరులది, వాళ్ల అమ్మవారు. వాళ్లిప్పుడు మిన్నీ బేలో ఉంటున్నారు. తవ్వే మిషను గోడ దగ్గరికి వచ్చేలోపు రాయిని తీసుకెళ్లమని భానే వాళ్లకు చెప్పింది. రాయిని కడిగించి ఇచ్చింది. మట్టిని చేత్తో ముట్టొద్దని అమ్మకు పూజ చేసే తన మేనత్త అసిరమ్మకు ప్రత్యేకంగా చెప్పింది.

గుంట ఎవరు తీశారో భానుకు తెలుసు. అమ్మ కదిలితే కింది మట్టి కూడా కదలాలి. కొత్త చోట ఆ మట్టి మీదే రాయిని నిలబెడతారు. మిగిలిన మట్టి పిల్లల నాలుక మీద చిటికెడు వేస్తారు. ఏటా పండుగకూ అంతే. భాను నాలుక మీదా వేశారు. సైట్ మట్టి రిపోర్టు వచ్చిన రోజు నుంచీ ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

రాయిని నిలబెట్టేది ఈ రోజే. అసిరమ్మకు ఫోన్ చేసింది. రింగయింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. స్కూటర్ తీసింది.

గోల్ ఘర్ కూడలి దగ్గర నీళ్ల ట్యాంకర్ అడ్డంగా ఆగి ఉంది. డ్రైవర్ టీ తాగుతున్నాడు. భాను హారన్ మీద నుంచి వేలు తీయలేదు. ట్యాంకర్ కదలక ముందే స్కూటర్‌ని ఫుట్‌పాత్ ఎక్కించింది.

మిన్నీ బేలో డప్పులు వినిపిస్తున్నాయి. రాయికి పసుపు రాశారు. పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. అసిరమ్మ ముందు కుండ, కుండలో మట్టి. ఆమె చేతులకు నీలం గ్లౌజులున్నాయి.

“కుండ పక్కన పెట్టత్తా. ఎవరికైనా వేశావా?”

“ఇంకా నేదు. ఏటే, పరిగెట్టుకొచ్చినావు? నువ్వు సెప్పినట్టే సేసినాను. సేత్తో ముట్టనేదు. సేపలు కోసుకోమని నువ్విచ్చిన గ్లౌజులే, సూడు.”

భాను పిల్లలను వెనక్కి జరగమంది. వాళ్లు అసిరమ్మ వైపు చూశారు. కదల్లేదు. ఆ మట్టిలో ఏముందో భాను చెప్పింది. చెడ్డ మట్టి గోడకు అవతలిదనీ, అమ్మ ఉన్నది ఇవతల అనీ అసిరమ్మ అంది. ఇన్నేళ్ల వానలు గోడ దగ్గర ఆగాయా అని భాను అడిగింది.

అసిరమ్మ కొడుకు మల్లేశు డప్పులు ఆపించి దగ్గరికి వచ్చాడు.

“వదినా, అమ్మని నిలబెట్టందే పడవలు కదలవు. నీ జీతం పక్కా. మాదేటి?”

అదే చోట లోతుకు వెళ్తే మందు దిగని మట్టి ఉంటుంది, అది తెస్తానని భాను అంది. అక్కడే నిలబడి సైట్ ఇంజనీర్ గోపినాథ్‌కు ఫోన్ చేసింది. అడుగు మట్టి ల్యాబ్ రిపోర్టు రాకుండా పిడికెడు కూడా బయటికి పోదని ఆయన అన్నాడు. రావడానికి రెండు వారాలైనా పడుతుందట.

“రెండు వారాలు. మరి అప్పటిదాకా నీ రిపోర్టు కూర వండుకుంటాం” అన్నాడు మల్లేశు. ఒకరిద్దరు నవ్వారు.

అసిరమ్మ కుండలోకి చెయ్యి పెట్టింది. భాను ఆ చేతిని పట్టుకుంది.

“నా నాలుక మీదా నువ్వే వేశావత్తా. ఏటా. మిల్లు నడిచిన రోజుల్లో. ఈ మట్టే.”

అసిరమ్మ చెయ్యి కుండలోనే ఆగింది.

“నీకేటైనా అయినాదేటే?”

“తెలీదు.”

“రకతం సూపించుకోనేదా?”

“లేదు.”

“ఏటికి?”

భాను ఆమె చెయ్యి వదిలింది. అసిరమ్మ చెయ్యి బయటికి తీసింది. గ్లౌజులు విప్పి కుండలోనే వేసి, మూతికి గుడ్డ కట్టింది. చేతులు సబ్బుతో కడుక్కుంది. పిల్లల చేత కడిగించింది. అప్పుడు మల్లేశును పిలిచి, రాయిని అతని పడవలో వలల మీద పెట్టమంది. అతను కదల్లేదు.

“మంచి మట్టి వచ్చినదాకా అమ్మ పడవలోనే ఉంటాది. అమ్మ పడవెక్కినాక మీరు ఒడ్డున కూకుంటారేట్రా?”

మల్లేశు తన మనుషుల వైపు చూశాడు. ఇద్దరు వంగి రాయిని ఎత్తారు. మల్లేశు డీజిల్ డబ్బా కోసం వెళ్లాడు.

భాను సైట్ సంచిలో కుండను మూసి స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుంది. ఇంజను స్టార్ట్ చేస్తుండగా అసిరమ్మ చెప్పులేసుకుని వచ్చి వెనక కూర్చుంది.

“నువ్వెందుకత్తా?”

“ముందు కుండ దింపు. అక్కణ్ణుంచి ఆస్పత్రికి ఎల్దుం. నువ్వొక్కదానివీ ఎల్లవు.”

గోల్ ఘర్ దాటాక అసిరమ్మ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. మల్లేశు. లక్ష్ముడు. కామమ్మ పెద్దకూతురు. గవరయ్య కవల పిల్లలు. ఒక్కొక్కరికి ఎన్నేళ్లు మట్టి వేసిందో గుర్తు తెచ్చుకుంటూ చెబుతోంది. కొందరి దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చెబుతోంది. భాను యాక్సిలరేటర్ పెంచింది. సైట్ గేటు దగ్గర స్కూటర్ ఆగేసరికి కూడా పేర్లు అయిపోలేదు.